చుక్కలమ్మ పోయించిన ఆయిలు

ఆఖరి రోజున కూడా అక్క ఒక మనిషికి ఆయిలు అమ్మకుండా తిప్పి పంపింది.

వచ్చినవాడు బోరు లారీ డ్రైవరు. చొక్కా జేబులోంచి తెల్ల కాగితం ముక్క జాగ్రత్తగా తీసి కౌంటరు మీద పరిచాడు. కాగితం మధ్యలో కోటు బొత్తామంత ఆయిలు మరక. అక్క కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఆ కాగితాన్ని ఉత్తరపు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగుకి అడ్డంగా పట్టుకుంది.

"ఇంకో యాభై గంటలు తోలు. అప్పుడు రా."

"కంపెనీ పుస్తకంలో ఇప్పుడే మార్చమని ఉందమ్మా."

"పుస్తకం నీ బండిని చూసిందా? నేను చూశాను. ఆయిలు నిక్షేపంలా ఉంది. దీన్ని పారబోస్తే నేల కూడా తిట్టుకుంటుంది నిన్ను."

డ్రైవరు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. అక్క ఆ కాగితాన్ని తాడుకి క్లిప్పు పెట్టి తగిలించింది, డబ్బా మూత బిగించింది, చేతులు తుడుచుకుంది. కళ్లు మండుతున్నాయి, కాసేపు నడుం వాలుస్తానని బావతో చెప్పి వెనక గదిలోకి వెళ్లింది. బావ పేపరు చివరి పేజీ దాకా చదివి, టీ చల్లారిపోయిందని లోపలికి వెళ్లి లేపబోయాడు. అప్పటికే అయిపోయింది.

బావ ఆరుసార్లు ఫోను చేస్తే ఆమె తమ్ముడు ఎత్తలేదు. అతను పొలంలో దుక్కి దున్నుతున్నాడు. ఇంజను మోతలో వినపడలేదు.

అక్క పేరు పెట్టి పిలిచేవాళ్లు ఆ చుట్టుపక్కల ఎవరూ ఉండేవారు కాదు. మొదట్లో ఆయిలమ్మ అన్నారు, తర్వాత చుక్కలమ్మ అన్నారు. చుక్క ఆయిలు చూసి బండి జాతకం చెబుతుందని ఆ పేరు. మనిషి పొట్టి. కౌంటరు వెనక చెక్కపీట వేసుకుని నిలబడేది. పీట దిగితే గిరాకీలకి ఆమె కొప్పు మాత్రమే కనిపించేది. మాట మాత్రం రోడ్డు అవతల టైర్ల షాపు దాకా వెళ్లేది.

ఆ షాపు మొదట బావది. సైకిలు సామాన్లు అమ్మేవాడు. పెళ్లయిన రెండేళ్లకి అక్క ఒక మూల ఇంజన్ ఆయిలు పీపా పెట్టించింది. పీపాకి చేతిపంపు, పక్కన లీటరు కొలత. మరో ఐదేళ్లకి సైకిలు చైన్లన్నీ ఒక్క అరలోకి కుదించుకుపోయాయి, బావ కుర్చీ గుమ్మం పక్కకి జరిగింది. "నా షాపులో నన్నే అద్దెకి ఉంచింది" అనేవాడు బావ. అందులో బాధ ఏమీ ఉండేది కాదు. పేపరు చదువుకోడానికి గుమ్మం పక్కనే వెలుతురు బాగుంటుంది.

అక్క ఏ మెకానిక్కు దగ్గరా పని నేర్చుకోలేదు. డబ్బాల వెనక రాసింది గట్టిగా చదివేది. అర్థం కానిది లారీలు బాగుచేసే మేస్త్రీలని అడిగేది. వాళ్లు చెప్పింది నిజమో కాదో పాడైపోయిన ఇంజన్లని చూసి తేల్చుకునేది. అలా పాతికేళ్లు. ఆఖరికి ఆ మేస్త్రీలే ఆమెని అడగడానికి వచ్చేవారు.

ఎవరైనా వచ్చి "ఐదు లీటర్ల ఆయిలివ్వమ్మా" అంటే చటుక్కున ఇచ్చే అలవాటు ఆమెకి లేదు. ప్రశ్నలు వేసేది. బండి వయసెంత? పొగ ఏ రంగు? నల్లదా, నీలమా, తెల్లదా? పొద్దున్నే ఒక్క తిప్పుకి లేస్తుందా, మూలుగుతుందా? ఎండలో నిలబెడతావా, నీడలోనా? దుక్కికా, ట్రక్కు లాగడానికా?

"పెళ్లి సంబంధానికి కూడా ఇన్ని అడగరమ్మా" అన్నాడు ఒకాయన విసుక్కుని.

"సంబంధం కుదరకపోతే ఇంకోటి చూసుకుంటారు. ఇంజను పట్టేస్తే ఏం చూసుకుంటావు? ఆకాశమా?"

ఆ రోజుల్లో ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. మాటలు నమ్మేది కాదు, గేజి తెమ్మనేది. గేజి అంటే ఇంజన్లో ఆయిలు ఎంతుందో చూసే మూరెడు ఇనుప కమ్మీ. పైన వేలు దూర్చడానికి రింగు, కింద రెండు గీతలు. ఆయిలు ఆ రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటకూడదు, కింది గీతకి దిగకూడదు. రైతులు బండి ఆపి, గేజి లాగి, ఆయిలు అంటుకున్నది అంటుకున్నట్టు గుడ్డలో చుట్టుకుని తెచ్చేవారు. అక్క దాని కొసనున్న చుక్కని తెల్ల కాగితం మీద రాల్చేది. ఒక చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపేది. మరక ఆరడానికి కొంతసేపు పడుతుంది కాబట్టి గేజిని కిటికీ పక్క మేకుకి తగిలించి, "బజారు పని చూసుకుని రా" అనేది. సంత రోజైతే పదీ పన్నెండు గేజిలు వరసగా వేలాడేవి. ఏది ఎవరిదో చీటీ కట్టేది కాదు. ఎందుకు కట్టవంటే, "నా పిల్లల్ని నేను గుర్తుపట్టలేనా?" అనేది.

తమ్ముడి ట్రాక్టరు నాన్న కొన్నది. మూడు సిలిండర్ల బండి, ముప్పయ్యేళ్లు దాటింది. ఎరుపు రంగు వెలిసి ఎండిన ఇటుక రంగుకి వచ్చింది. నాన్న ఉన్నన్నాళ్లూ దానికి నలభై నంబరు ఆయిలే పోశాడు. చిక్కగా, చల్లటి పొద్దున ముదురు పాకంలా కదిలే ఆయిలు. నాన్న తర్వాత తమ్ముడూ అదే పోస్తూ వచ్చాడు. పొద్దున్నే బండి లేవడానికి నానా యాగీ చేసేది.

"నువ్వు లేచి ముందు ఏం చేస్తావురా? ఒళ్లు విరుచుకుంటావు" అని చెప్పింది అక్క. "అది కూడా అంతే. చల్లగా ఉన్నప్పుడు ఆ చిక్కటి ఆయిలు పైకి ఎక్కేసరికి లోపల ఇనుమూ ఇనుమూ రాసుకుంటున్నాయి. ఇరవై-నలభై పొయ్యి. చల్లగా ఉన్నప్పుడు పల్చగా పరిగెడుతుంది, వేడెక్కాక నలభైలాగే నిలబడుతుంది."

"కొత్త బండ్లకి అంతకన్నా ఖరీదైనది వచ్చిందట కదక్కా. పల్చగా, తేనె రంగులో..."

"పట్టుబట్ట కట్టి నాన్నని పొలానికి పంపిస్తావా? ఈ ఇంజన్లో సందులన్నీ వయసు మీద పడి పెద్దవయ్యాయి. ఆ నీళ్లలాంటి ఆయిలు పోస్తే ప్రతి సందులోంచీ కారి నేల తడుపుతుంది. దీనికి కావలసింది ఖరీదైనది కాదు, సరైనది."

అయినా ఆమె వెంటనే పొయ్యనివ్వలేదు. కొత్త ఆయిలు లోపలి మురికిని కడిగేస్తుంది, కడిగిన మురికి జల్లెడకి అడ్డుపడితే ఇంజనుకి ఊపిరాడదు అని చెప్పి, ముందు ఇంజను అడుగునున్న చాంబరు విప్పించింది. ముప్పయ్యేళ్ల మడ్డి తారులా గడ్డకట్టి ఉంది. మేస్త్రీ గరిటెతో గోకి తీస్తుంటే అక్క చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పక్కనే నిలబడి "ఆ మూల, ఆ మూల" అంటూ చూపించింది. డీజిలుతో కడిగించి, ఆరబెట్టించి, బిగించాకే ఇరవై-నలభై పోయించింది. మర్నాడు పొద్దున బండి ఒక్క తిప్పుకి లేచింది. తమ్ముడు ఆనందం పట్టలేక ఉత్తపుణ్యానికి వీధి చివరిదాకా తోలుకెళ్లి వచ్చాడు.

ముప్పై గంటలు నడిచాక గేజి తెమ్మంది అక్క. సంత రోజు తీసుకెళ్లాడు. చుక్క చూసి, బాగుంది పొమ్మంది. గేజి తీసుకుని ఇంటికొచ్చాడు.

మూడో రోజున గేజి లాగి చూస్తే ఆయిలు కింది గీతకి కూడా అందలేదు. అదిరిపడ్డాడు. అర లీటరు పోశాడు, చాల్లేదు. మళ్లీ పోశాడు. పై గీతకి వచ్చేదాకా పోస్తూనే ఉన్నాడు. బండి తోలితే వెనకనుంచి నీలం పొగ. రెండు రోజులకి మళ్లీ తగ్గింది, మళ్లీ పోశాడు. ఫ్లైవీలు పక్కనుంచి ఆయిలు కారడం మొదలైంది. లాగుడు తగ్గింది. మెట్ట చేలో గొర్రు వేస్తే బండి ఆయాసపడింది. ఆరువారాల్లో ఊళ్లో అందరూ ఒకటే మాట మీదికి వచ్చారు, పిస్టన్ రింగులు పోయాయని. ఇంజను దింపి సిలిండర్లు బోరు చేయించాలి, లేదా వదిలించుకోవాలి.

తమ్ముడి బతుకంతా ఆ బండి మీదే. సొంత పొలం పిసరంత. తొలివానలప్పుడు నలుగురి పొలాలు దున్నితేనే ఇల్లు గడిచేది. ఇంజను దింపితే నెలా నెలన్నర మేస్త్రీ దగ్గరే ఉంటుంది, ఈలోగా పదును ఆరిపోతుంది, పని పోతుంది, పిలిచేవాళ్లు ఇంకొకర్ని చూసుకుంటారు. ఆలోచించి ఆలోచించి, పక్క ఊరి గోడౌన్లో కాపలా పనికి మాట్లాడుకున్నాడు. ఒకటో తారీకు నుంచి రమ్మన్నారు. పాత ఇనుము కొనే తుప్పు మామకి కబురు పెట్టాడు. గురువారం పొద్దున లారీ తెస్తానన్నాడు మామ.

మంగళవారం ఆ సంగతి చెప్పడానికి అక్క షాపుకి వెళ్లాడు. మనసులో ఉన్నది మెల్లగా చెబుదామనే అనుకున్నాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే నోరు జారింది.

"నీ పల్చటి ఆయిలు నా బండిని తినేసింది."

అక్క పీట మీదనుంచి కదల్లేదు. "చెయ్యి ఇటివ్వు" అంది. అతని చూపుడువేలి గోటి సందులో నల్లగా ఉన్నదాన్ని బొటనవేలితో తీసి నలిపింది. విడదీస్తే తీగ సాగింది.

"ఇది నేనిచ్చింది కాదు. యాభై నంబరు కలిపావు. ఎవడిచ్చాడ్రా?"

తమ్ముడు చెయ్యి లాక్కున్నాడు. హైవే పక్క కొట్లో కొన్నాడు. పొగ తగ్గుతుందని ఎవరో చెబితే అందులో ఇంకేదో సీసా మందు కూడా కలిపాడు.

"ఏం చెయ్యమంటావు? బండి తాగుతోంది! పోసింది పోసినట్టు తాగుతోంది!"

"ఆ రింగులకి ఏమీ కాలేదు. నేను చెప్తున్నాను కదా."

"నువ్వు చెప్తే రింగులు బాగైపోతాయా? నువ్వేమన్నా ఇంజన్లో కూర్చుని చూశావా? నాన్న పోసిందే పోసుకుంటూ ఉంటే ఈ గోల ఉండేది కాదు. గురువారం తుప్పు మామ వస్తున్నాడు, తోలుకుపోతాడు. అంతే."

గుమ్మం పక్కనుంచి పేపరు కొంచెం కిందికి దిగింది. "ఒక్క నాలుగు రోజులు ఆగు బావమరిదీ" అన్నాడు బావ.

"ఆగితే ఏమవుతుంది బావా? గోడౌన్ వాళ్లు ఇంకొకర్ని పెట్టుకుంటారు."

అక్క వేళ్లు గుడ్డకి తుడుచుకుంది. ఆమె తిట్టకుండా వదిలెయ్యడం తమ్ముడు అదే మొదటిసారి చూడటం. తిట్టి ఉంటే బాగుండుననుకుంటూ ఇంటికి వెళ్లాడు.

బుధవారం పదకొండింటికి షాపు ముందు మోటారు సైకిలు ఆగింది. దిగినవాడు ఇటుకబట్టీ ఆయన. అతనికీ పాత ట్రాక్టరే ఉంది, అదే కంపెనీది, ఒక సైజు పెద్దది. అక్కడ జరిగిన సంగతి తమ్ముడు కళ్లారా చూడలేదు కానీ, బావ ఎన్నిసార్లు చెప్పాడంటే చూసినట్టే గుర్తుండిపోయింది.

"అమ్మా, నా బండిలో ఆయిలు పెరుగుతోంది" అన్నాడు ఇటుకల ఆయన, గొంతు తగ్గించి, ఎవరికీ చెప్పకూడని జబ్బు చెబుతున్నట్టు.

"పెరగడమేంటి అన్నా?"

"నెల దాటింది, ఒక్క చుక్క పొయ్యలేదు. ఎప్పుడు చూసినా పై గీత దాటే ఉంటోంది. నాకేమన్నా ఆయిలు బావి పడిందంటారా?"

"పడితే మాకు చెప్పు, ఈ షాపు మూసేసి నీ దగ్గరే కుర్చీ వేసుకుంటా" అన్నాడు బావ పేపరు వెనకనుంచి.

అక్క నవ్వలేదు. ఇంజన్లో ఆయిలు నిజంగా పెరిగితే అది నవ్వే విషయం కాదు. డీజిలన్నా దిగుతూ ఉండాలి, నీళ్లన్నా దిగుతూ ఉండాలి. గేజి తీసుకుని చుక్క కాగితం మీద రాల్చింది. డీజిలు కలిస్తే మరక చుట్టూ పల్చటి వలయం పెద్దగా పాకుతుంది. పాకలేదు. నీళ్లు కలిస్తే మరక అంచు రంపపు పళ్లలా చీలుతుంది. చీలలేదు. గుండ్రంగా, నిండుగా, ఏ రోగమూ లేని మరక.

"పెరగలేదు" అంది అక్క. "ఏమీ కలవలేదు. కలవనిది పెరగదు."

"మరి గీత పైకి ఎలా వస్తోందమ్మా?"

"ఎప్పట్నుంచి?"

"ఆ మధ్య సంతకి గేజి తెచ్చాను చూడండి, అప్పట్నుంచే."

అక్క కాగితం కింద పెట్టి గేజి చేతిలోకి తీసుకుంది. అప్పుడు చూసింది రింగు వైపు. ఒక పక్కకి ఒరిగి ఉంది. ఎప్పుడో నాన్న దాంతో గ్రీజు డబ్బా మూత ఊడదియ్యబోతే అలా ఒంగింది. అమ్మ ఆ రోజు నాన్నని తిట్టిన తిట్లు కూడా అక్కకి గుర్తే. ఆ సంత రోజున ఆ రింగుని తనే మేకు మీదనుంచి తీసి, ఇంకొకరితో మాట్లాడుతూ, ఇటుకల ఆయన చేతిలో పెట్టింది.

పీట దిగింది. బావ పేపరు మడిచాడు, ఆమె గిరాకీ ఉండగా పీట దిగడం అరుదు.

"అన్నా, ఇది నీది కాదు. ఇది మా నాన్నది. నీది మా తమ్ముడి బండిలో ఉంది. మార్చి ఇచ్చింది నేనే."

ఇటుకల ఆయన గేజి వైపు వంగి చూశాడు.

"ముందు నీ బండి ఎక్కడుందో చెప్పు."

"బట్టీ దగ్గర, లోడు దించుతోంది."

"ఫోన్ చేసి ఇంజను ఆపించు. ఇప్పుడే. దీని గీతలు కిందికి ఉన్నాయి, నీ బండిలో ఆయిలు తక్కువున్నా ఎక్కువున్నట్టు చూపించింది. నీ గేజి తెచ్చి నేనే వచ్చి పోయిస్తాను. అప్పటిదాకా తాళం చెవి కూడా తిప్పనివ్వకు."

ఫోన్ చేశాక ఇటుకల ఆయనకి కోపం వచ్చింది. వచ్చిన కోపం చిన్నది కాదు. షాపులో మరో ముగ్గురున్నారు, వాళ్ల ముందే అరిచాడు. జాతకాలు చెప్పే మనిషివి, చేతిలో ఏముందో చూసుకోవద్దా అన్నాడు. అక్క ఒక్క మాట అడ్డం చెప్పకుండా అంతా వింది. విని, "నిజమే. నువ్వు ఊరంతా చెప్పుకో, నేను కాదనను. ఇప్పుడు నన్ను బండెక్కించుకుని మా తమ్ముడి ఇంటి దగ్గర దింపు" అంది.

తమ్ముడు ఆ సమయానికి ట్రాక్టరు పక్కన పనిముట్లు వేరుచేస్తున్నాడు. తుప్పు మామకి ఇవ్వవలసినవి ఒక కుప్ప, ఉంచుకోవలసినవి ఒక కుప్ప. అక్క మోటారు సైకిలు దిగడం చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. అతని భార్య గుమ్మంలోకి వచ్చి, "రండి వదినా, టీ పెడతాను" అంది.

"పెట్టు. ముందు నీళ్ల బక్కెట్లు రెండు ఖాళీ చేసి ఇయ్యి."

"అక్కా, చెప్పాను కదా, రేపు..."

"రేపు సంగతి రేపు. కింద నట్టు విప్పరా. నీ ఇంజను కడుపులో ఎంతుందో చూద్దాం. దానికి పట్టేది ఎంత?"

"ఏడు లీటర్లు."

"విప్పు."

విప్పాడు. నల్లటి ఆయిలు బక్కెట్లోకి దిగింది. నురగ కూడా దిగింది, గిలక్కొట్టినట్టు బుడగలు బుడగలుగా. అక్క లీటరు కొలతతో తోడుతూ పైకి లెక్కపెట్టింది. ఏడు దాటింది. తమ్ముడు చేతిలో స్పానరు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. ఎనిమిది. తొమ్మిది. తొమ్మిదిన్నర దగ్గర ధార సన్నబడి ఆగింది.

"తాగుతోందన్నావు" అంది అక్క. "అది తాగలేదురా. నువ్వే ముక్కు మూసి పోశావు. గొంతుదాకా నిండిపోతే లోపల తిరిగే క్రాంకు దాన్ని మజ్జిగలా చిలికింది. చిలికిన ఆయిలు పైకి ఎగిరి కాలింది, అదే నీలం పొగ. కాలిపోగా తగ్గింది, నువ్వు మళ్లీ పోశావు. తప్పు రింగులది కాదు, ఆయిలుది కాదు, నీది కూడా కాదు. నాది." ఒరిగిన రింగు గేజి అతని చేతిలో పెట్టింది. బండిలో ఉన్నదాన్ని లాగి రెండూ పక్కపక్కన పట్టుకుంటే, నాన్న గేజి గీతలు రెండోదాని గీతలకన్నా బెత్తెడు కిందికి ఉన్నాయి.

తమ్ముడు ఆ రెండు కమ్మీల వంక చూశాడు, అక్క వంక చూశాడు. ఆ రింగు ఒంకర తనకీ తెలుసు. చిన్నప్పట్నుంచీ రోజూ చూసిందే. ఆరువారాలు పొద్దునా సాయంత్రం గేజి లాగినవాడికి కూడా రింగు తిన్నగా ఉందేమిటని తోచలేదు.

"నేనైనా చూసుకోవలసింది" అన్నాడు.

"చూసుకోవలసిందే. ఇద్దరం ఒక కడుపున పుట్టాం, ఇంకెలా ఉంటాం? ఆ యాభై నంబరు కలిసిన కషాయం మళ్లీ పొయ్యకు. తలుపు బందులకి రాసుకో."

తనతో తెచ్చిన డబ్బాల్లోంచి ఇరవై-నలభై ఏడు లీటర్లు, గేజితో కాకుండా కొలతతో పోయించింది. పావుగంట ఆగి, నాన్న గేజి తుడిచి ముంచమంది. ఆయిలు సరిగ్గా పై గీత మీద వచ్చి నిలబడింది. స్టార్టు చేశాడు. మొదట నీలం పొగ గుప్పున లేచింది. తమ్ముడు ఇంజను ఆపబోయాడు.

"ఆపకు. గొట్టంలో మిగిలింది కాలుతోంది. నా టీ అయ్యేదాకా నడవనీ."

బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుని అక్క టీ తాగింది, మధ్యలో పొగ వంక ఒక్కసారి కూడా చూడకుండా. మరదలిని పిల్లల చదువుల గురించి అడిగింది. గ్లాసు కింద పెట్టేసరికి పొగ గొట్టం మీద ఉత్త వేడి మాత్రమే వణుకుతోంది. లేచి, ఇటుకల ఆయన గేజి గుడ్డలో చుట్టుకుంది. "పద అన్నా, నీ కడుపు కూడా నింపుదాం" అంది. అప్పటిదాకా మోటారు సైకిలు మీద ముడుచుకుని కూర్చున్న ఇటుకల ఆయన మొట్టమొదటిసారి నవ్వాడు. అతని బండిలో దాదాపు రెండు లీటర్లు తక్కువ తేలింది. ఇంజనుకి దెబ్బ తగలలేదు. ఇంకో పదిరోజులు అలాగే లోడు లాగి ఉంటే బేరింగులు కరిగేవని అక్కే చెప్పింది, తన తప్పు ఎంత పెద్దదో అతనికి తెలియాలని.

గురువారం తుప్పు మామ లారీ వేసుకుని వచ్చేసరికి ట్రాక్టరు లేదు. పొలంలో ఉంది. తమ్ముడు గట్టు మీదికి వచ్చి, "మామా, అనవసరంగా తిప్పాను నిన్ను" అంటే, మామ కాసేపు గొర్రు చాళ్ల వంక చూసి, బీడీ ముట్టించుకుని, లారీ వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు. గోడౌన్ వాళ్లకి తమ్ముడు ఆ మధ్యాహ్నమే ఫోన్ చేసి రానని చెప్పేశాడు.

ఆ మరుసటి సంతకి అక్క కిటికీ పక్క మేకులన్నీ పీకేసింది. గేజి బండి దాటి రాకూడదని గట్టిగా చెప్పింది. తెల్ల కాగితాలు ముక్కలుగా కత్తిరించి వచ్చినవాళ్లందరికీ పంచింది, ఇంటి దగ్గరే చుక్క రాల్చి, మీద బండి ఏదో రాసి తెమ్మని. కొత్తవాళ్లు ఎందుకమ్మా ఈ కాగితాలు అని అడిగితే సిగ్గుపడకుండా మొత్తం కథ చెప్పేది. "రెండు బండ్ల గేజిలు మార్చిచ్చిన ఘనురాలిని నేను. ఒకటి తాగిందన్నారు, ఒకటి ఈనిందన్నారు" అని మొదలుపెట్టేది. ఆ కథ విన్నవాడు ఇంకొక షాపుకి వెళ్లేవాడు కాదు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు నాన్న ట్రాక్టరు ఇంజను విప్పలేదు. దుక్కి పిలుపులు పెరిగాయి. తమ్ముడు సెకండ్ హ్యాండ్ రోటవేటరు కొన్నాడు, ఇంటి పైకప్పు వేయించుకున్నాడు. రెండు వందల గంటలకోసారి వెళ్లి ఆయిలు తెచ్చుకునేవాడు. ప్రతిసారీ అక్క కొత్త మనిషిని అడిగినట్టే మొదట్నుంచీ అడిగేది, పొగ ఏ రంగు అనీ, పొద్దున్నే ఎలా లేస్తోంది అనీ. "నీకు తెలీదా?" అంటే, "నాకు నిన్నటిది తెలుసు, ఇవాల్టిది నువ్వు చెప్పాలి" అనేది.

ఆమె పోయిన నెలకి మళ్లీ రెండు వందల గంటలు నిండాయి. తమ్ముడు షాపుకి వెళ్లాడు. బావ షట్టరు ఎత్తి గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్నాడు, చేతిలో పేపరు ఉంది గానీ మడత విప్పలేదు.

"ఏది కావాలో నన్నడక్కు" అన్నాడు బావ. "నాకు సైకిలు చైను తప్ప తెలీదు."

"అడగనులే బావా."

అరల నిండా డబ్బాలు. కంపెనీ మనిషి ఈమధ్యే వచ్చి పెట్టి వెళ్లిన కొత్త రకాలు కూడా ఉన్నాయి, మీద మెరిసే ట్రాక్టరు బొమ్మతో. తమ్ముడు వాటి ముందు నిలబడి తనకి తానే పైకి ప్రశ్నలు వేసుకున్నాడు. బండి వయసు? నలభై దాటింది. పొగ? పొద్దున్నే కాస్త తెల్లగా, తర్వాత ఏమీ లేదు. లేవడం? ఒక్క తిప్పుకే. కారడం? పదిరోజులకి ఒక చుక్క. పని? దుక్కి, అప్పుడప్పుడూ ట్రక్కు. జవాబులన్నీ చెప్పుకునేసరికి చెయ్యి దానంతట అదే రెండో అరలోని ఇరవై-నలభై మీదికి వెళ్లింది. ఐదు లీటర్ల డబ్బా ఒకటి, లీటరు డబ్బాలు రెండు. అనుమానం రాలేదు. ఎవరినీ అడగాలనిపించలేదు. దానికే కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడే బయట లారీ ఆగింది. ఖాళీ పీపాలు తీసుకెళ్లడానికి తుప్పు మామ వచ్చాడు. ముసలివాడైపోయాడు. వెనక గది గుమ్మం వైపు చూసి, తలపాగా తీసి, బావ పక్కన నేలమీద కూలబడ్డాడు.

"ఆ ట్రాక్టరు నడుస్తోందా ఇంకా?" అని అడిగాడు తమ్ముణ్ని.

"నడుస్తోంది మామా. ఆ గురువారం నువ్వు తీసుకుపోయి ఉంటే ఈపాటికి ఏ రేకుల్లోనో కరిగిపోయేది."

"కరిగేది కాదు. మీ అక్క ముందురోజే, బుధవారం పొద్దున్నే, నేను షట్టరు ఎత్తకముందే వచ్చి కూర్చుంది. వాడు ఇస్తే తీసుకో, ఒక్క నట్టు విప్పకు, అలాగే ఉంచు, నేను కొనుక్కుంటాను అంది."

తమ్ముడు డబ్బాలు కింద పెట్టాడు. బుధవారం పొద్దున్న. ఇటుకల ఆయన రాకముందు. గేజిలు మారాయని ఆమెకే ఇంకా తెలియకముందు.

"ఇంజను పోయిందంటున్నారమ్మా అన్నాను. పోలేదు అంది. ఎవరికి అమ్ముతారు అన్నాను. ఎవరికీ కాదు, నేనే తోలుకుంటాను అంది."

"అక్కా?" అన్నాడు తమ్ముడు. ఆమె ట్రాక్టరు సీటు ఎక్కడం అతనెప్పుడూ చూడలేదు. ఎక్కుతావా అని తనెప్పుడూ అడిగిందీ లేదు.

"నీకు చెప్పలేదా? చెప్పిందనుకున్నాను" అన్నాడు తుప్పు మామ. "ధర కూడా అడగలేదు. సీటు ఎంత ముందుకి జరుగుతుంది, నా కాలు క్లచ్చికి అందుతుందా, అదొక్కటే అడిగింది. నాలుగంగుళాలు జరుగుతుందమ్మా, అందుతుందన్నాను."